బబూస్యా ఇక లేరు

ఉక్రెయిన్‌లోని విన్నిట్సియాలో చదివిన మన బ్యాచ్ అందరికీ, మన క్లాస్‌మేట్ వాళ్ల బబూస్యా (ఉక్రేనియన్‌లో అమ్మమ్మ లేదా నానమ్మ) నిన్న రాత్రి నిద్రలోనే పోయారట. ఇందాకే వాళ్లమ్మ గారు ఫోన్ చేసి చెప్పారు.

సెలవులకి ఊరెళ్తే మనకి బోర్ష్ (బీట్‌రూట్ సూప్) పెట్టిన మనిషిగానే చాలామందికి గుర్తుంటారు, కానీ ఆవిడ జీవితమంతా షుగర్ బీట్ పొలాల్లోనే గడిచింది. చిన్నప్పుడే కోల్‌హోస్ప్‌లో, అంటే సోవియట్ సర్కారు అదుపులో నడిచిన ఉమ్మడి సేద్యంలో, చేరి వంగి వంగి కలుపు తీశారు. అప్పట్లో చేతికి జీతం వచ్చేది కాదు, పని దినాల లెక్క రాసుకుని తర్వాత ధాన్యం కొలిచేవాళ్లు. 1970ల దాకా అలాంటి రైతుల్లో చాలామందికి పాస్‌పోర్ట్ కూడా ఇవ్వలేదు, ఊరు వదిలి పట్నంలో స్థిరపడాలంటే ఎంత కష్టమో ఊహించుకోండి. బబూస్యాని కన్న తల్లి ఉక్రెయిన్‌లో లక్షల మందిని బలిగొన్న 1932-33 కరువు దాటి బతికిన మనిషి. అందుకేనేమో బల్ల మీద రొట్టె ముక్క మిగిలితే బబూస్యాకి ప్రాణం ఒప్పేది కాదు, మన చేత తినిపించేదాకా పక్కనే నిలబడేవారు. నాకు ఆవిడ మీద ఉన్న గౌరవం మాటల్లో చెప్పలేను. యుద్ధం మొదలయ్యాక కూడా ఆ ఇల్లు, ఆవు, బంగాళాదుంపల మడి వదిలి రానన్నారు.

అక్కడి ఆచారం ప్రకారం నలభయ్యో రోజున బంధువులంతా కలిసి భోంచేసి తలుచుకుంటారు. ఆవిడతో దిగిన ఫోటోలు ఎవరి దగ్గరున్నా ఆలోపు ఇక్కడ పెట్టండి, అన్నీ కలిపి వాళ్లమ్మ గారికి పంపిస్తాను. ఉక్రేనియన్‌లో రెండు మాటలు రాయగలిగితే ఇంకా మంచిది.