పెద్దల క్యాన్సర్ వైద్య సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ (2020 ఏప్రిల్ – 2021 మార్చి), కృష్ణలంక, విజయవాడ

చందాదారులందరికీ నమస్కారం. కరోనా కాలంలో మన వీధుల్లో క్యాన్సర్ వైద్యంలో ఉన్న, అరవై దాటిన పదకొండు మంది కోసం వసూలైన డబ్బు లెక్క ఇది.

జమ: ఇంటింటి చందాలు రూ. 1,42,500. హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపింది రూ. 60,000. ఆ ఏడు శ్రీరామనవమి పందిరి వేయలేదు గనుక ఆ నిధి రూ. 38,000 పెద్దలను అడిగి ఇటు మళ్ళించాం. మొత్తం రూ. 2,40,500.

ఖర్చులో ఇంచుమించు సగం, రూ. 1,04,800, రోగులను ఆసుపత్రికి తిప్పిన కార్లకే పోయింది. "మందులకని ఇస్తే డ్రైవర్లకు పెట్టారేంటి" అన్నవాళ్ళున్నారు. అడగాల్సిన మాటే. కీమో మందులు చాలామందికి ఆరోగ్యశ్రీలోనే వచ్చాయి. రానిది బస్సు. మార్చి 25 నుంచి లాక్‌డౌన్, పైగా మనది కరోనా కేసులు ఎక్కువున్న రెడ్ జోన్; కృష్ణలంక అంటే ఆటోవాళ్ళు ఆగేవాళ్ళు కాదు. గుంటూరు వైపు కృష్ణ మీది వారధి దాటాలంటే పాస్ ఉండాలి. మే 21న ఆర్టీసీ బస్సులు మళ్ళీ కదిలినా, కీమో ఎక్కించుకుని, రోగాలను అడ్డుకునే తెల్లకణాలు పడిపోయిన డెబ్బై ఏళ్ళ మనిషిని పదిమంది మధ్య కూర్చోబెట్టలేక కారే కొనసాగించాం.

గుంటూరులో రేడియేషన్ తీసుకున్న ముగ్గురికి గది అద్దె, భోజనం రూ. 36,000. రేడియేషన్ వారానికి ఐదు రోజులు ఉంటుంది, మధ్యలో ఆపితే గుణం తగ్గుతుంది. రోజూ కారులో తిప్పడం కంటే గదే చవక. ఒకావిడకు డాక్టర్లు పాతిక సిట్టింగులను పదిహేనుకు కుదించడంతో రెండు వారాల అద్దె మిగిలింది.

తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్లకు, ఇంటికొచ్చి వేసిన నర్సమ్మకు, రక్తపరీక్షలకు రూ. 33,900. కీమోకు ముందు రోగికీ, తోడు వెళ్ళేవాళ్ళకూ కరోనా పరీక్షలు రూ. 27,600. మాస్కులు, థర్మామీటర్లు, ఆక్సీమీటర్లు రూ. 14,250. థర్మామీటరు ఇంటికొకటి ఎందుకంటే, కీమోలో ఉన్నవాళ్ళకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే కరోనా అవునో కాదో తేలేదాకా ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఇమ్యూనిటీ పొడులకు డబ్బడిగినవాళ్ళకు, మొహమాటమైనా, ఇవ్వలేదు.

ఒక మామ్మగారి పేర ఖర్చు దాదాపు లేదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ వాయిదా వేసి డాక్టరు హార్మోన్ మాత్రలు రాశారు. రిపోర్టులు చూసి తీసుకున్న నిర్ణయం అది. ఇంకో ఇంట్లో మాత్రం "ఎనభై ఏళ్ళాయన, కరోనా తగ్గాక చూద్దాంలే" అని ఇంటివాళ్ళే కీమో ఆపబోయారు. ఆపాలో వద్దో చెప్పాల్సింది డాక్టరు గానీ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ కాదని నచ్చజెప్పి కారు పంపాం. కమిటీ హద్దు దాటిందని కొందరన్నారు. అననివ్వండి.

మొత్తం ఖర్చు రూ. 2,16,550. నిల్వ రూ. 23,950. 2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ళకు టీకా మొదలైంది. టీకా కేంద్రానికి వెళ్ళొచ్చే ఆటో ఖర్చు ఇకపై ఈ నిల్వలోంచే ఇస్తాం.

రసీదులు, కార్ల ట్రిప్ షీట్లు ఆదివారం ఉదయం రామాలయం అరుగు మీద చూసుకోవచ్చు. రోగుల పేర్లున్న కాగితాలు మాత్రం ఎవరికీ చూపించం.