డ్రోన్ కంటే ముందు గట్టు చూడు

నాయనా,

ఇక్కడ అందరం బాగున్నాం. ముంగారుకి నువ్వు మందు చల్లే డ్రోన్ తెప్పిస్తానన్నావని మీ నాయన ఊరంతా చెప్పుకుంటున్నాడు. పది నిమిషాల్లో ఎకరా కొట్టేస్తుందట. మంచిదే. వీపున ట్యాంకు మోసుకుని ఎండలో తిరిగే బాధ ఆయనకు తప్పుతుంది. కానీ మొన్న ఫోన్‌లో శనక్కాయ చేను వాడిపోతోందని చెప్పగానే నువ్వు అడిగిన మొదటి మాట "ఏ మందు కొడుతున్నారు" అని. దానికేం పట్టిందో అడగలేదు. బూజు తెగులా, బాక్టీరియానా, వైరస్సా? మూడూ ఆకు మీద మచ్చలు పెడతాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. వైరస్‌కైతే అసలు మందే లేదు.

2000 సంవత్సరం ముంగారు నీకు గుర్తుండదు, అప్పుడు చంటిబిడ్డవి. శనక్కాయ మొవ్వులు మాడి, కాండం నల్లబడి, చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఎప్పుడూ వచ్చే మొవ్వుకుళ్ళే అనుకున్నారు, అదీ ఒక వైరస్ తెగులే. అప్పు తెచ్చి మరీ మందులు కొట్టారు. ఒక్క మన అనంతపురం జిల్లాలోనే రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది, నష్టం 300 కోట్లు దాటింది. తర్వాత పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్ష చేసి, ఇది మొవ్వుకుళ్ళు కాదు, టొబాకో స్ట్రీక్ అనే వేరే వైరస్ అని తేల్చారు.

అది కాపురముండేది ఎక్కడనుకున్నావు? గట్టు మీది వయ్యారిభామలో, అదే ఆ తెల్లపూల కలుపు మొక్కలో. ఆ మొక్కకు పైకి ఏ జబ్బూ కనపడదు, నిగనిగలాడుతూ పూస్తుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి వచ్చి శనక్కాయ ఆకు మీద పడుతుంది, లేదా పూలలో తిరిగిన తామర పురుగులు, ఆ సన్నటి పురుగులు, ఒంటికి అంటించుకుని తెస్తాయి. అవి లేత ఆకును గీకినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. శనక్కాయ విత్తనంతో ఇది రాదు. ఒక శనక్కాయ చెట్టు నుంచి పక్క చెట్టుకూ పెద్దగా పాకదు. అందుకే ఎండిన చెట్లను పీకి పారేసినా ఒరిగేది తక్కువ. పని గట్టు మీద ఉంది, అదీ వయ్యారిభామ పూతకు రాకముందే. పూసిన తర్వాత పీకితే సగం నష్టం అయిపోయినట్టే. మన గట్టొక్కటే కాదు, పక్కనోళ్ళ బీడు, దారి అంచులు కూడా చూసుకోవాలి.

ఒక మాట చెప్పనా, కోపం తెచ్చుకోకు. మందు కొట్టే మగోళ్ళకు కూలి ఎక్కువ, కలుపు తీసే ఆడోళ్ళకు తక్కువ. ఈ తెగులు వరకు చేనును కాపాడేది ఎవరో నువ్వే లెక్కేసుకో.

ఈసారి చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న గానీ సజ్జ గానీ వేద్దాం. శనక్కాయతో పాటే విత్తితే త్వరగా పైకి లేచి, గాలికొచ్చే పురుగునూ పుప్పొడినీ అడ్డుకుంటుంది. మీ నాయన నాలుగు సాళ్ళ నేల పోతుందని గొణుగుతున్నాడు. సజ్జ గింజ ఇంటికి, చొప్ప ఎద్దులకు పనికొస్తుంది కదా, పోయేదేముంది?

ఇక బూజు తెగుళ్ళ సంగతి. మొలక మెడ దగ్గర నల్లటి పొడి కనిపిస్తే మొదలుకుళ్ళు. చెట్టు మొదలు దగ్గర తెల్లటి దారాలు, ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తే కాండం కుళ్ళు. ఇవి మట్టిలోనే ఉంటాయి, పైనుంచి డ్రోన్ చల్లితే ఏం అందుతుంది? విత్తే ముందే విత్తనశుద్ధి చేయాలి, కిలో విత్తనానికి మాంకోజెబ్ అనే బూజు మందు మూడు గ్రాములు పట్టించాలి. నేలకు ట్రైకోడెర్మా వేద్దాం, అది తెగులు బూజును అణచే మంచి బూజు. ఎకరాకు రెండు కిలోలు, 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో పది రోజులు ఉంచితే బాగా పెరుగుతుంది. ఆకు మీద వచ్చే తిక్క మచ్చ తెగులుకు మాత్రం నీ డ్రోన్ పనికొస్తుంది, ముసురు పట్టిన రోజుల్లో మచ్చలు కనపడగానే కొట్టుకోవచ్చు.

మీ మేనమామ దానిమ్మ తోటలోది బాక్టీరియా మచ్చ. వాన చినుకుల తుంపరతో పాకుతుంది, కొమ్మలు కత్తిరించే కత్తెరతో చెట్టు నుంచి చెట్టుకు ఎక్కుతుంది. ఒక్కో చెట్టుకూ కత్తెరను హైపోక్లోరైట్ (బ్లీచింగ్ మందు) నీళ్ళలో ముంచమని చెప్పాను. టైం వేస్ట్ అంటాడు. నువ్వు చెబితే వింటాడేమో, ఫోన్ చెయ్యి.

వచ్చేటప్పుడు మోచేతి దాకా ఉండే రబ్బరు తొడుగులు పది జతలు పట్టుకురా. వయ్యారిభామ ముట్టుకుంటే దద్దుర్లు వస్తాయని కూలోళ్ళు రానంటున్నారు. తొలకరికి ముందే తెస్తే మేలు. డ్రోన్ బాడుగ ఎంతో మీ నాయనతో నువ్వే మాట్లాడుకో.

ఇట్లు
మీ అమ్మ