కట్టు వేసిన రోజే వేళ్ళు కదపమని చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

మాది విజయవాడ సత్యనారాయణపురం. మా అమ్మకి 63 ఏళ్ళు, సంక్రాంతి ముందు ముగ్గు వేద్దామని వాకిలి కడుగుతూ జారి, కుడి చెయ్యి ఆనించి పడింది, మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆ వయసు ఆడవాళ్ళకి ఎముకలు పలచబడతాయి కాబట్టి చిన్నగా పడినా అక్కడ విరగడం మామూలేనంట. ఆస్పత్రిలో ఎముక సరిచేసి పిండికట్టు వేశారు, అందులో నాకు ఏ కంప్లయింటూ లేదు, మందుల చీటీ ఇచ్చి 6 వారాల తర్వాత రమ్మన్నారు, అంతే. ఆ 6 వారాలు వేళ్ళని ఏం చెయ్యాలో భుజాన్ని ఏం చెయ్యాలో ఎవ్వరూ ఒక్క ముక్క చెప్పలేదు. చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ "కదపకమ్మా, ఎముక జరుగుద్ది" అనేవాళ్ళే, పాపం అమ్మ మెడకి వేలాడేసిన గుడ్డలోంచి చెయ్యి బయటికి తియ్యలేదు.

కట్టు విప్పాక ఎక్స్‌రే చూస్తే ఎముక చక్కగా అతుక్కుంది. కానీ వేళ్ళు వాచి నున్నగా మెరుస్తున్నాయి, పిడికిలి పట్టమంటే సగంలోనే ఆగిపోతున్నాయి. అన్నం కలుపుకోలేదు, జడ వేసుకుందామంటే భుజం లేవదు, విరిగింది మణికట్టయితే భుజం ఎందుకు పట్టేసిందో మాకు అర్థం కాలేదు. గుళ్ళో పూజారి గారు తీర్థం ఇస్తుంటే అరచెయ్యి పైకి తిరగలేదండీ, ఎడమ చెయ్యి పట్టడానికి మనసొప్పక తీసుకోకుండానే వచ్చేసింది, ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చింది.

నాటు కట్టుకి పుత్తూరు తీసుకెళ్ళమని ఒకళ్ళు, నూనె రాసి గట్టిగా లాగితే వస్తుందని ఇంకొకళ్ళు. ఒకాయన లాగాడు కూడా, వాపు ఇంకా ఎక్కువైంది.

చివరికి సూర్యారావుపేటలో ఒక ఫిజియో అమ్మాయి దగ్గరికెళ్ళాం. ఫిజియో అంటే కరెంటు పెట్టడమే అనుకున్నాం, ఆ అమ్మాయి మిషన్ జోలికే పోలేదు, గోరువెచ్చటి నీళ్ళలో 10 నిమిషాలు చెయ్యి పెట్టించి స్పాంజి పిసకమంది, నమస్కారం పెట్టి అరచేతులు విడిపోకుండా మెల్లగా కిందకి దించమంది, మోచెయ్యి నడుముకి ఆనించి అట్లకాడ పట్టుకుని అటూ ఇటూ తిప్పమంది, ఇవన్నీ రోజుకి నాలుగైదు సార్లు ఇంట్లోనే. "కట్టులో ఉంది మణికట్టేగా ఆంటీ, వేళ్ళు, మోచెయ్యి, భుజం బయటే ఉన్నాయి, వాటిని మొదటిరోజు నుంచే ఆడించాల్సింది" అంది. కట్టు చేతిని దిండు మీద గుండె కంటే ఎత్తులో పెడితే వాపు తగ్గుద్దంట. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఓర్చుకోలేకపోయినా వెంటనే ఆస్పత్రికెళ్ళి కట్టు చూపించుకోవాలంట. ఇవి మాకు రెండు నెలలు ఆలస్యంగా తెలిసినయ్.

అమ్మ ఇప్పుడు అన్నం కలుపుకుంటోంది, జడ మాత్రం ఇంకా నేనే వేస్తున్నా.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో పని కాదు. బీపీటీ అని ఫిజియోథెరపీ డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళు చదివిన వాళ్ళు మన విజయవాడ, గుంటూరుల్లో బోలెడుమంది ఉన్నారు, కట్టు వేసిన రోజే వాళ్ళలో ఒకళ్ళొచ్చి ఐదు నిమిషాలు దగ్గరుండి చేయించి, తెలుగులో బొమ్మలతో ఒక కాగితం చేతికిస్తే చాలు, ఇంగ్లీషు డిశ్చార్జి కాగితం మా అమ్మ చదవలేదు కదా. సెప్టెంబర్ 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినం, ఆ రోజు మీ పేపర్లో సభల ఫొటోలతో పాటు ఈ ఎక్సర్‌సైజుల బొమ్మలు కూడా కత్తిరించి దాచుకునేలా పెద్దగా వెయ్యండి.

ఇట్లు
ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ