మంత్రి గారూ, మేం అడిగింది నీటి గుర్రం గురించి కాదండీ

మత్స్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇది నాలుగో ఉత్తరం. ముందు పెట్టిన మూడు అర్జీలకూ కలిపి వచ్చిన జవాబు ఒక్కటే, అదీ "మీ అర్జీని జంతు ప్రదర్శనశాలల విభాగానికి పంపడమైనది" అని. మేం రాసింది ట్రాలర్ల వలల్లో పడి పోతున్న సముద్ర గుర్రాల గురించి. మీ ఆఫీసులో ఎవరో దాన్ని నీటి గుర్రం అనుకున్నట్టున్నారు. టన్నుకు పైగా తూగే జంతువెక్కడ, అరచేతిలో ఇమిడిపోయే చేపెక్కడ! కోపం రావాల్సింది, అబద్ధమెందుకు, ముందు నవ్వే వచ్చింది.

అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం, దాని కింద సముద్ర గుర్రాల ఎగుమతికి 2004 నుంచి అమల్లో ఉన్న పర్మిట్లు, 10 సెంటీమీటర్ల కంటే చిన్నవాటిని అమ్మొద్దన్న సలహా, ఇవన్నీ మీకు తెలిసినవే. ఎగుమతి ఆపేశాం కాబట్టి సమస్య తీరిపోయిందని మైకులో చెప్పింది కూడా మీరే. ఎక్కడ తీరిందండీ? హాంకాంగ్‌లో ఎండు సరుకు అమ్మేవాళ్లను పరిశోధకులు 2016-17లో అడిగితే, వాళ్ల దగ్గరున్న ఎండు సముద్ర గుర్రాల్లో దాదాపు 95 శాతం ఎగుమతి నిషేధం ఉన్న దేశాల నుంచి వచ్చినవేనట. అంటే సరుకు ఆగలేదు, రసీదు ఆగింది.

ఆగాల్సింది వల. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి కనీసం 3.7 కోట్ల సముద్ర గుర్రాలు వలల్లో పడుతున్నాయని అంచనా, అందులో ఎక్కువ భాగం వాటి కోసం వేసిన వలల్లో పడ్డవి కూడా కావు. రొయ్యల కోసం ట్రాలర్, అంటే వల లాగే మరబోటు, సముద్రం అడుగంతా వలను ఈడ్చుకుంటూ పోతుంది, సన్నకన్ను వలలో ఉన్నవన్నీ పడతాయి. సముద్ర గుర్రానికి ఈత సరిగా రాదు, ప్రమాదం వస్తే పారిపోదు, సముద్రపు గడ్డిని తోకతో చుట్టుకుని కదలకుండా ఉండిపోతుంది. పెద్ద చేపల నుంచి దాన్ని కాపాడేది ఆ కదలకపోవడమే, వల ముందు చంపేదీ అదే. గర్భం మోసేది మగది కదా, పొట్ట సంచిలో పిల్లలతో ఉన్న ఒక్క మగది పడితే వందల పిల్లలు దానితో పాటే పోతాయి. జోడీని వదలని రకాల్లో మిగిలిన ఆడది మళ్లీ జత వెతుక్కునేదాకా కొత్తగా పిల్లలు కూడా ఉండవు. ఒక్కో పడవలో రోజుకు పడేది ఒకటో రెండో, అందుకే ఎవరికీ పట్టదు. కానీ పడవలెన్ని, రోజులెన్ని, మీరే గుణించుకోండి. రేవులో ఎవరో వాటిని పడవ పడవకూ తిరిగి ఏరుకుని ఎండబెడతారు, అవి మందుల పేరుతోనో అలంకారం పేరుతోనో సరిహద్దు దాటతాయి.

మీరు పట్టుకునేది మాత్రం గుప్పెడు ఎండువి దొరికిన చిన్నవాణ్ణి. ఫొటో కూడా బాగా వస్తుంది లెండి. అడుగంతా గీకేసిన ట్రాలర్ యజమాని ఆ ఫొటోలో ఎప్పుడూ లేడు.

తీరానికి దగ్గరగా, గడ్డి ఉన్న చోట ట్రాలర్లు రాకుండా చూస్తామన్నారు. చూడండి మరి. ట్రాలర్లు దాటకూడని గీత ఎక్కడో మీ మ్యాపులోనే ఉంది, దాటిన బోటును ఆపండి, చిన్నదైనా పెద్దదైనా. సముద్ర గుర్రాల్ని కొని పోగుచేసేవాళ్లను పట్టుకోండి, వలలో పడ్డవాటి లెక్క రాయించండి. ఇవన్నీ ఒకేసారి కుదరవంటే ఆ గడ్డి దగ్గర ట్రాలర్లనైనా ఆపండి సార్, దయచేసి ఆపండి. ఎప్పటి నుంచి ఆపుతారో తేదీ రాసి పంపండి చాలు.

ఇట్లు,
మూడు అర్జీలు పెట్టినవాళ్లలో ఒకణ్ణి