లావణ్యా, ఫోన్ ఎత్తవేం?

గిరింపేట, చిత్తూరు

చి. లావణ్యకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్న మోకాలు మామూలే. తోతాపురి కాపు ఈసారి బాగుంది, ధర సంగతి దేవుడికెరుక. పలమనేరు నుంచి పద్మత్త వచ్చి ఏదో చెప్పిపోయింది. అది తర్వాత.

పోయినసారి “ఐబీఎం ఏఎస్400 కంప్యూటర్లో ఆర్‌పీజీ భాషలో రాసిన ప్రోగ్రాం, మధ్యలో ఆపి చూద్దామని బ్రేక్‌పాయింట్ పెట్టినా ఆగట్లేదమ్మా” అని ఏడుపు గొంతుతో ఫోన్ పెట్టేశావు. అంతే, మళ్లీ పలకలేదు. అది వెనకాల తనంతట తాను నడిచే బ్యాచ్ జాబా? అయితే నువ్వు కొట్టిన ఎస్‌టీఆర్‌డీబీజీ, అదే డీబగ్ మొదలుపెట్టే కమాండు, నీ సెషన్‌కే పనిచేస్తుంది, బ్యాచ్‌లో నడిచేదానికి కాదు. జాబ్‌ను హోల్డ్‌లో సబ్మిట్ చేసి, దాని పేరు, నంబరుతో, దాన్ని నీ సెషన్‌కు కలిపే ఎస్‌టీఆర్‌ఎస్‌ఆర్‌వీజాబ్ కమాండు ఇచ్చి, డీబగ్ మొదలుపెట్టి, అప్పుడు రిలీజ్ చెయ్యి. స్క్రీన్ వచ్చాక ఎఫ్10 నొక్కి బ్రేక్‌పాయింట్ పెట్టు. ఓపీఎం అనే పాత రకం ప్రోగ్రాంను డీబగ్ ఆప్షన్ లేకుండా కంపైల్ చేసుంటే సోర్స్ కనబడదు. కంపైల్ లిస్టింగ్ పక్కన పెట్టుకుని స్టేట్‌మెంట్ నంబరు ఇవ్వాలి. అన్నం తిని కూర్చో, ఖాళీ కడుపుతో లిస్టింగ్ చదవకు.

పద్మత్త మాటలు నేను నమ్మలేదు. నువ్వు రాజీనామా పెట్టేశావట! సరే, వదిలెయ్.

నువ్వు కడుపులో ఉన్నప్పటి సంగతి చెప్తా. మామిడి సీజను, మా కంపెనీలో రాత్రి రైతుల పేమెంట్ల జాబ్ డెసిమల్ డేటా ఎర్రర్‌తో ఆగిపోయింది. తెల్లారితే గేటు దగ్గర రైతులు. మా మేనేజరు “ఆ లైను తీసేసి నడిపెయ్యమ్మా” అన్నాడు. తీసేస్తే తూకం లేకుండా డబ్బు లెక్క కట్టేదెట్లా? నేను మెసేజ్‌కు డి అని జవాబిచ్చి డంప్, అంటే ఆగిన క్షణంలో ఏ ఫీల్డులో ఏముందో చూపే పట్టీ, తీయించా. తూకం ఫీల్డులో అంకెలుండాల్సిన చోట హెక్స్‌లో 40, 40, 40. అంటే ఉత్త ఖాళీలు. అంకెలను కుదించి దాచే ప్యాక్డ్ ఫీల్డులో చివర ప్లస్సో మైనస్సో గుర్తుండాలి కదా, లేకపోతే మెషిన్ ఒప్పుకోదు. వెనక్కి వెనక్కి పోతే తేలిందేమిటి? ఫైలు మధ్యలో కొత్త ఫీల్డు చేర్చి, పాత రికార్డులను సీపీవైఎఫ్ అనే కాపీ కమాండులో, ఫీల్డులు సరిపోల్చొద్దనే నోచెక్ పెట్టి కాపీ చేశారు. రికార్డుల్లో ఆ తర్వాతి అంకెలన్నీ పక్కకు జరిగిపోయాయి. ఎవరు చేశారనుకున్నావ్? ఆ మేనేజరే! మీ నాన్న గేటు బయట లూనా మీద కూర్చుని, పులిహోర డబ్బా పట్టుకుని, తెల్లారేదాకా కాచుకున్నాడు. పేమెంట్లు మధ్యాహ్నానికి ఇచ్చాం.

ఇంకొకటి. డీబగ్‌లో యూపీడీప్రాడ్ అనే సెట్టింగు మామూలుగా నో అని ఉంటుంది, అసలు డేటా ఉండే ప్రొడక్షన్ లైబ్రరీ ఫైళ్లు మారకుండా. ఎవరు తొందరపెట్టినా యస్ చెయ్యకు, టెస్ట్ లైబ్రరీకి కాపీ తీసుకో. “పాత చెత్త” అంటావు గానీ, ఏఎస్400 వచ్చింది 1988లో, అప్పటి ప్రోగ్రాములు ఇప్పటికీ జీతాలు, పేమెంట్లు నడుపుతున్నాయి. అర్థంకాకపోతే పక్కనున్న పెద్దవాళ్లను అడుగు, నామోషీ ఏముంది? నేను ఇన్ని చెప్పకూడదనుకుంటూనే చెప్తున్నా.

చెనక్కాయల పొడి, ఊరగాయ బస్సులో పంపిస్తున్నా. రాత్రి పన్నెండు దాటాక కాఫీ తాగకు. జుట్టుకు నూనె రాసుకుంటున్నావా?

రాజీనామా నిజమైతే నిజమని చెప్పు, నేను అరవను. నాన్నకు ఇంకా తెలీదు. ఆదివారం పద్మత్త మళ్లీ వస్తుంది. అది వచ్చేలోపు నువ్వే ఫోన్ చెయ్యి, నేనేం చెప్పాలో నాకు తెలియాలి కదా.

మీ అమ్మ