పది కుర్చీలతోనైనా మొదలుపెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

నా నోట్లో ఉన్న పళ్ల సెట్టు కడపలో తయారైంది. చేసింది ఫైనలియర్ చదివే ఒక అమ్మాయి. అనంతపురంలోనూ సర్కారు డెంటల్ కాలేజీ పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం. అయినా ఆ సెట్టు సంగతి చెప్పకుండా అసలు మాటకు రాలేను.

రిటైరయ్యాక రెండేళ్లలో నా పళ్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి. పుట్లంపల్లి దగ్గర రిమ్స్ ప్రాంగణంలో డెంటల్ కాలేజీ ఉందని, అక్కడ తక్కువలో చేస్తారని ఎవరో చెబితే తాడిపత్రి మీదుగా బస్సులో వెళ్లాను. సెట్టు ఒక్కరోజులో అయ్యే పని కాదు. చిగుళ్లకు కొలత తీయాలి. అది సరిపోయిందో లేదో చూసి ఇంకోసారి తీయాలి. మైనం కట్టలు పెట్టి పైదవడ, కిందిదవడ ఎక్కడ కలుస్తాయో చూడాలి. మైనం మీద పళ్లు పేర్చి నోట్లో పెట్టి చూడాలి. ఆ తర్వాతే అసలు సెట్టు. ప్రతి పనికీ ఆ అమ్మాయి పరుగెత్తి సారును పిలుచుకొచ్చేది. ఆయన చూసి రికార్డులో సంతకం పెడితేనే తర్వాతి పని.

ఒకరోజు ఆయన సంతకం పెట్టలేదు. మైనం కట్ట ఎడమపక్క కొంచెం ఎత్తుగా ఉందట, మళ్లీ చేయమన్నారు. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముప్పైమూడేళ్లు పిల్లల పేపర్లు దిద్దినవాణ్ని, నాకు మాత్రం సారు మీద గౌరవం పెరిగింది. 'తాతా, విసుక్కుని మధ్యలో మానేయరు కదా? ఈ కేసు నాకు కావాలి' అంది. వాళ్లు ఇన్ని సెట్లు కట్టాలి, ఇన్ని పళ్లు తీయాలి, ఇన్ని సిమెంట్లు పెట్టాలి అని లెక్క ఉంటుందట. టెన్షన్ పడొద్దమ్మా, వస్తానన్నాను. ఐదుసార్లు వెళ్లాను.

నాకు పెన్షన్ వస్తుంది కాబట్టి వెళ్లగలిగాను. మా పక్కింటావిడ శెనక్కాయ చేలల్లో కూలికి పోతుంది. పిప్పిపన్నుకు లవంగం నొక్కిపెట్టుకుని నెలలు గడిపి, ఆఖరికి పీకించుకుంది. పన్ను పీకకుండా లోపల శుభ్రంచేసి నింపే రూట్ కెనాల్‌కు మూడు నాలుగుసార్లు తిరగాలంటే అన్ని రోజుల కూలి పోతుంది, పైగా బస్సు చార్జీలు. ఇక్కడి ప్రైవేటు క్లినిక్‌లోనైతే పైన వేసే క్యాప్‌తో కలిపి వేలల్లో మాట. పన్ను పీకడం చవక. మన పల్లెల్లో నలభై దాటినవాళ్ల నోళ్లు చూస్తే ఆ చవక తెలుస్తుంది.

గారపళ్ల సంగతి మీ పాఠకులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఈ జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో దాన్ని మొట్టమొదట 1937లో గుర్తించింది తెలుగు నేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మన బోర్లలో చాలావాటికి ఆ హద్దు తెలియదు. 1990ల్లో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం వచ్చాక ఎన్నో ఊళ్లకు మంచినీళ్లు అందాయి. కానీ పంటిమీది పింగాణీ లాంటి పొర ఏర్పడేది ఎనిమిదేళ్ల లోపే. ఆ వయసులో తాగిన నీళ్ల మచ్చ తర్వాత క్యాన్ నీళ్లు తాగినా పోదు. నా క్లాసులో ఒకమ్మాయి పద్యం అప్పజెప్పేటప్పుడు కూడా చెయ్యి అడ్డం పెట్టుకునేది. నేనేమో 'చెయ్యి తీసి చదువు' అని గద్దించేవాణ్ని. అది భయం కాదని నాకు తెలియడానికి పదో తరగతి గ్రూపు ఫోటో రావాల్సి వచ్చింది. అలాంటి పళ్లను చాలావరకు బాగుచేయవచ్చని కడపలోనే విన్నాను. మచ్చ తేలికగా ఉంటే పైపొరను సన్నగా అరగదీస్తారట, ముదిరితే పంటి రంగు పూత వేస్తారట.

టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతూ ఈ మాట ఎత్తితే నా మిత్రులు నవ్వుతారు. 'స్థలమెక్కడ, కోట్లెక్కడ?' అంటారు. వాళ్ల కోసమే కొంచెం చదివాను.

1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో మొదటి డెంటల్ కాలేజీ తెరిస్తే చేరింది ఐదుగురు, మరుసటి ఏడు పట్టా పుచ్చుకుంది ఇద్దరు. యూనివర్సిటీలో భాగంగా పుట్టిన మొదటి డెంటల్ స్కూలు హార్వర్డ్‌ది, 1867లో. 1869లో బయటికొచ్చిన మొదటి బ్యాచ్ ఆరుగురే. అందులో రాబర్ట్ టానర్ ఫ్రీమన్ ఒకడు. తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్లు. అతని రంగు చూసి వేరే కాలేజీలు వద్దన్నాయి. ఆ దేశంలో డెంటల్ డిగ్రీ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి అతనే. 1875లో మిషిగన్‌లో ప్రభుత్వ యూనివర్సిటీయే డెంటల్ స్కూలు పెట్టుకుంది.

మన దేశం సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. రఫీయుద్దీన్ అహ్మద్ అమెరికాలోని అయోవాలో దంతవైద్యం చదివి కలకత్తా వచ్చి, 1920లో దేశంలో మొదటి డెంటల్ కాలేజీ పెట్టారు. డబ్బు ఎక్కడిదనుకున్నారు? న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అని ఊళ్లో ఒక కూల్‌డ్రింకుల అంగడి తెరిచి, ఆ రాబడితో కాలేజీ నడిపారు. (పళ్లు పాడుచేసే తీపితో పళ్ల డాక్టర్లను తయారుచేశారని మా ఆవిడ అంటుంది.) మూడేళ్లకు చేరినవాళ్లు పదకొండుమంది. జిన్నా చెల్లెలు ఫాతిమా చదివింది అక్కడే. తర్వాత ఆయన ఆ కాలేజీని ప్రభుత్వానికి ఇచ్చేశారు.

ఆయనకు లేనిది మనకుంది. అనంతపురంలో 2000 నుంచి మెడికల్ కాలేజీ ఉంది, పక్కనే సర్వజన ఆస్పత్రి ఉంది. పళ్ల డాక్టరు చదువైన బీడీఎస్ నాలుగేళ్లలో అనాటమీ, ఫిజియాలజీ, పేథాలజీ, జనరల్ మెడిసిన్, సర్జరీ అన్నీ చెప్పాలి. వాటికి అయ్యవార్లను వెతకనక్కర్లేదు. షుగరు ఉన్నవాడి చిగుళ్లు చూసే పిల్లకు షుగరు గురించి చెప్పేవాళ్లు పక్క బిల్డింగులోనే ఉంటారు.

బీడీఎస్ చదివి ఏం చేస్తారన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. దేశమంతటా ప్రైవేటు కాలేజీల్లో సీట్లు మిగిలిపోతున్నాయి. మా వీధిలోనే ఇద్దరు పిల్లలు బీడీఎస్ చేసి పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. అందుకే నేను వంద సీట్లు అడగడం లేదు. అసలు సీట్లతో మొదలుపెట్టమనడం లేదు. ముందు సర్వజన ఆస్పత్రిలో ఒక అంతస్తులో పది డెంటల్ కుర్చీలు వేయండి. నలుగురు స్పెషలిస్టులను ఇవ్వండి. సెట్లు కట్టడానికి ఒక ల్యాబు, ఇద్దరు టెక్నీషియన్లు కావాలి. హౌస్‌సర్జన్లకు గ్రామీణ సేవ ఎలాగూ ట్రైనింగులో భాగం కాబట్టి కడప నుంచి వాళ్లను వంతులవారీగా ఇక్కడికి పంపవచ్చు. రోగుల లెక్క, పని లెక్క రెండేళ్లు రాసిపెట్టి, ఆ రిజిస్టర్లు పట్టుకుని కాలేజీ అనుమతికి వెళ్లాలి. శంకుస్థాపన రాయి వేసి, దాని చుట్టూ ముళ్లకంప పెరిగేదాకా ఎదురుచూసే పద్ధతి ఇందులో వద్దు. మా మండలంలో అలాంటి రాళ్లు రెండున్నాయి.

కలెక్టరు గారు, ఎమ్మెల్యేలు, ఎంపీ గారు ఈ ఉత్తరం చూస్తే ఒక్కసారి సోమవారం పొద్దున ఆస్పత్రి పళ్ల ఓపీ దగ్గర అరగంట నిలబడమని మనవి. అంతకన్నా రిపోర్టు అక్కర్లేదు.

నా కింది సెట్టు ఈమధ్య వదులైంది, అన్నం తినేటప్పుడు లేస్తోంది. చిగుళ్లు అరిగేకొద్దీ అలా అవుతుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. వచ్చే మంగళవారం మళ్లీ తాడిపత్రి బస్సెక్కాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
అనంతపురం