ఆ గొంతును ముందే ఖర్చుపెట్టకు

ఒరేయ్,

నీ డీజే సెట్ హెడ్‌ఫోన్స్‌లోనూ, పెద్ద స్పీకర్ల మీదా పూర్తిగా విన్నాను. మొదటి అరగంట ఎంత బాగుందో! దేనికీ తొందరపడలేదు. నువ్వడిగింది మాత్రం ఆ డీప్ హౌస్ (మెత్తటి డాన్స్ సంగీతం) రీమిక్స్‌ని ముందు ట్రాక్‌లోంచి ఎలా తేవాలని కదా, దాని దగ్గరికే వస్తాను. ఫోన్‌లో అయితే మధ్యలో మాట మార్చేస్తావు, అందుకే రాస్తున్నా.

దాన్ని నువ్వు నేరుగా బ్రేక్‌డౌన్ (డ్రమ్స్ తగ్గిపోయే భాగం) దగ్గర్నుంచి ఎత్తుకున్నావు. వస్తూనే గొంతు వినపడింది. నాకు అక్కడ ప్రాణం ఉసూరుమంది రా. తెలిసిన గొంతు తెలియని చోట వినపడి, ‘ఇది ఆ పాటే కదా’ అని జనం తలెత్తి చూసే క్షణం కోసమే కదా రీమిక్స్ వేసేది! ఆ క్షణానికి ముందు కొంచెం ఎదురుచూపు ఉండాలి. డీజేల కోసం చేసే పొడుగు వెర్షన్, అదే ఎక్స్‌టెండెడ్ మిక్స్‌కి మొదట్లో అంతసేపు ఉత్త డ్రమ్స్ పెట్టేది అందుకే. నీ దగ్గర ఉన్నది కుదించిన రేడియో ఎడిట్ అయితే దాన్ని పక్కన పడేసి, పూర్తి వెర్షన్ కొనుక్కో.

లెక్క చాలా తేలిక. 120 బీపీఎంలో, అంటే నిమిషానికి 120 బీట్లు పడితే, నాలుగు బీట్ల ఒక బార్ అంటే సరిగ్గా 2 సెకన్లు. 32 బార్ల ఇంట్రో ఉంటే నీ చేతిలో 64 సెకన్లున్నట్టే. పోయే ట్రాక్‌లో కొత్త ఫ్రేజ్ (కొన్ని బార్ల వరస) మొదలయ్యే ఒకటో బీటు మీదే రీమిక్స్ మొదలుపెట్టు. మిక్సర్ మీద దాని బేస్ నాబ్ పూర్తిగా కిందికి తిప్పి ఉంచు, హైహ్యాట్లు మాత్రం మెల్లగా పైకి రానీ. మొదటి 16 బార్లూ అలాగే పోనీ, ఎవరికీ తెలియకపోయినా ఫర్వాలేదు. తర్వాతి ఫ్రేజ్ ఒకటో బీటు మీద బేస్ మార్చు: పాతదాని బేస్ తగ్గించి, కొత్తదాని బేస్ పెంచడం ఒక్క కదలికలో అయిపోవాలి. డీప్ హౌస్‌లో బేస్‌లైన్ ఊరికే దరువు వెయ్యదు, తనూ పాడుతుంది. రెండు బేస్‌లు కలిసి పాడితే అంతా బురదే. ఈలోగా పోయే ట్రాక్ చివరి భాగం అయిపోయేలా ఉంటే 8 బార్లు మళ్ళీ మళ్ళీ తిరిగేలా లూప్ పెట్టుకో.

కీ, అంటే పాట శ్రుతి సంగతి నువ్వు తేలిగ్గా తీసుకున్నావు, అది నాకు నచ్చలేదు. ఉత్త డ్రమ్స్ ట్రాకుల్లో అయితే ఎలాగో గడిచిపోతుంది. ఇక్కడ సెవెంత్‌లు, నైన్త్‌లు ఉన్న కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) బార్ల కొద్దీ సాగుతుంటాయి, తేడా వస్తే కడుపులో తెలుస్తుంది. నీ ముందు ట్రాక్ ఏ మైనర్, అంటే ఏ కీకి ఏది కలుస్తుందో చూపే క్యామెలాట్ చక్రంలో 8ఏ. రీమిక్స్ 8ఏ, 7ఏ, 9ఏ, 8బీల్లో ఏదైనా నిశ్చింతగా కలుస్తుంది. ఇంకో మాట, 118 బీపీఎం ట్రాక్‌ని 122కి లాగితే వేగం 3.4 శాతం పెరుగుతుంది. వేగం మారినా శ్రుతి మారకుండా పట్టే కీ లాక్ లేకపోతే శ్రుతి అరస్వరంలో సగానికి పైగానే ఎక్కి కూర్చుంటుంది. అప్పుడిక చక్రం చూసి లాభం లేదు.

డీప్ హౌస్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన లారీ హర్డ్‌ని మళ్ళీ విను. 1980ల షికాగోలో మిస్టర్ ఫింగర్స్ పేరుతో ఆయన చేసిన ‘కెన్ యూ ఫీల్ ఇట్’లో ఆ జూనో-60 సింథసైజర్ కార్డ్స్ ఎంత చోటు వదులుతాయో గమనించు. ఆ చోటు ఉంది కాబట్టే తర్వాత అదే ట్రాక్ మీద చక్ రాబర్ట్స్ ప్రసంగపు గొంతు పరిచినా ఒక్క చోట కూడా ఇరుకనిపించలేదు. మంచి రీమిక్స్ చేసినవాళ్ళు గొంతు కోసం ఇలాగే చోటు ఉంచుతారు. ఆ చోటును నువ్వు వేరే ట్రాక్ మధ్యస్థాయి శబ్దాలతో నింపెయ్యకూడదు. అంటే గొంతు అందుకునేలోపు పాత ట్రాక్ పూర్తిగా వెళ్ళిపోవాలి, దాని ఎకో తోక కూడా మిగలకూడదు.

ముందు వేసే ట్రాక్‌లో గొంతు లేకుండా చూసుకో, తర్వాత వేసే రెండు ట్రాకుల్లో కూడా. నువ్వు వెంటనే ఇంకో పాట పాడించావు, మొదటి గొంతు ఇంకా చెవిలో ఉండగానే.

రెండు ట్రాకుల వేగాన్ని తనే కలిపే సింక్ బటన్ మీద నాకేం కోపం లేదు, వాడుకో. గెయిన్ (ట్రాక్ శబ్దం స్థాయి) మాత్రం చూసుకో, మీటర్ ఎర్రలోకి వెళ్తే ఆ మెత్తదనమంతా పోతుంది.

ఈ ఒక్క ట్రాన్సిషనే మళ్ళీ కలిపి రికార్డు చేసి పంపు. ముందు ట్రాక్ చివరి రెండు నిమిషాల నుంచి మొదలుపెట్టు, బేస్ ఎక్కడ మార్చావో నాకు చెప్పకు, విని నేనే పట్టుకుంటాను.

నీ నేస్తం